నాలుగు వేళ్ల తురాయి

ఫైర్ స్టేషన్ షెడ్డులోనే మా తొమ్మిదో తరగతి గది ఉంది, బెంచీల మధ్యన ఎర్ర ఫైరింజను నిలబడి ఉంది, అయినా నాకు అందులో వింతేమీ కనిపించడం లేదు, ఎందుకంటే ఇంజను మెట్టు మీద కూర్చుని ఇత్తడి హెల్మెట్‌ను చింతపండుతో తోముతున్నది మా జేజినాయన, మా నాయనకు నాయన, రెండేళ్ల కిందట జ్వరంతో చనిపోయిన ఉరుకుందప్ప. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి పులుసు కారుతోంది.

"ఏం మే రేణుకా, నిలబడుకొని చూస్తాండావు? ఆ ఇటుక పొడి అందుకో," అంటాడు, నిన్న సాయంత్రమే మాట్లాడి ఆపినట్టు.

నేను బోర్డు కింద రాలిన సుద్దపొడి దోసిట్లో పట్టి ఇస్తాను, అది ఆయన అరచేతిలో పడేసరికి ఇటుక పొడి అయిపోతుంది. నాకు భయం లేదు, సంతోషమే. ఆయన బతికున్నప్పుడు కూడా ఎదురుగా నిలబడి పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు, ఇప్పుడేమో అడగాల్సినవన్నీ పళ్ల వెనక నిలబడి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"జేజినాయనా, పొద్దున నాయన దీన్ని పెట్టుకొని డ్యూటీకి పోతాడంట."

"పోనీ. వాని వంతు వచ్చింది."

మా స్టేషన్‌లో అదొక ఆనవాయితీ. మంటలోకి అందరికంటే ముందు అడుగు పెట్టేవాడే ఈ ఇత్తడి హెల్మెట్ పెట్టుకోవాలి, నెత్తిన కోడిజుట్టులా లేచి నిలబడ్డ తురాయితో సహా. జేజినాయన తర్వాత అది ఆయనతో పనిచేసిన మారెన్న తాతకు పోయింది, మారెన్న తాత కిందటి వారం రిటైరై దాన్ని మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు, రేపటి నుంచి ముందు నడిచేది మా నాయన. ఆఫీసు వాళ్లు ఇచ్చిన కొత్త పసుపు రంగు హెల్మెట్ ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది. ఇత్తడిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో సైన్సు సారు బల్బు వెలిగించి చూపించిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు, మా వైపు అగ్గి పడితే పత్తి మిల్లుల్లోనే పడుతుంది, అక్కడ తెగిన తీగలు తలమీదే వేలాడుతుంటాయి. డైరీలో నాలుగు పేజీలు రాశాను. నాయనకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

"కొత్తది పెట్టుకోమని నువ్వు చెప్పు జేజినాయనా."

"ఆ పసుపుదా?" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "గుమ్మడికాయ బోర్లించుకున్నట్టు ఉంటాది. దాన్ని చూస్తే మంట కూడా నవ్వుతాది మే."

"నవ్వితే నవ్వనీ. నాయన ఇంటికొస్తాడు గదా!"

ఆ మాట అన్నది నేనేనా అని వెనక్కి తిరిగి చూసుకుంటాను, వెనక బెంచీలు లేవు, అవన్నీ పత్తి బేళ్లయి కప్పు దాకా పేర్చి ఉన్నాయి, వాటి మధ్యన పొగ పాలలా నెమ్మదిగా పొర్లుతోంది, అయినా నాకు దగ్గు రావడం లేదు. జేజినాయన హెల్మెట్ నెత్తిన పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని అందులోకి నడుస్తాడు.

"పొగలో మనిషి కనపడడు. అరిచినా యాడి నుంచో తెలీదు. ఇత్తడి కనపడతాది. ఈ మిల్లు తగలబడిన పొద్దు ఈ మూల పన్నెండు మంది ఆడోళ్లు ఇరుక్కొని ఉంటే, ఈ తళతళ చూసుకుంటా నా వెనకాలే వచ్చినారు. సోకని అంటావా దీన్ని?"

పొగలోంచి వాళ్లు వస్తున్నారు, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, జుట్టు నిండా దూది, కళ్లన్నీ ఆ తురాయి మీదే. ఆయన చెప్పింది నిజమే, అంతలో నాకు మెరుపులా ఒక ఉపాయం తడుతుంది.

"అయితే తురాయి ఉంచుదాం! ఇత్తడి తీసేద్దాం! పసుపుదానికే తురాయి పెడదాం!"

"ఆఁ?"

బేళ్ల మీద మా తరగతి నల్లబోర్డు ఆనించి ఉంది. నేను గబగబా గుండ్రంగా గీస్తాను, ఆయన నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుంటాడు.

"వెనక చూరు పొడుగు పెట్టు. నిప్పురవ్వలు చొక్కాలో పడితే ఎగరల్ల నువ్వు."

"ముందు అద్దం."

"మసి పడితే గుడ్డోడైతాడు."

"పైకెత్తుకునేట్టు పెడదాం!"

"చేతులకు తొడుగులుంటాయి మే, ఏం పట్టుకొని ఎత్తుతాడు?"

"పక్కన పెద్ద గుబ్బ! నిమ్మకాయంత!"

"అట్ల చెప్పు!" అని ఆయన తొడ చరుస్తాడు, వరసగా నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె "చెవుల దగ్గర దూది పెట్టమ్మా, మెత్తగుంటాది," అంటుంది, "దూది అంటుకుంటాది లేవే," అని ఇంకొకామె ఆమెను పొడుస్తుంది, మేమందరం నవ్వుతున్నాం, బోర్డు మీద బొమ్మ దానంతటదే ఉబ్బి నిజం హెల్మెట్ అంత అవుతోంది, ఇంత సంతోషం నేను ఎప్పుడూ ఎరగను.

"తురాయికి మెరిసే పట్టీ వేద్దాం. ఎంత ఎత్తు పెట్టాలి జేజినాయనా? దీనికున్నట్టు నాలుగు వేళ్లా?"

ఆయన సుద్దముక్క కింద పెడతాడు.

"రెండు చాలు."

"ముందు నుంచి నాలుగే గదా?"

"ముందు నుంచీ రెండే. ఇది నాకు వచ్చిన కొత్తలో ఇత్తడి సామాన్లు చేసే కంచరాయన దగ్గరికి పోయి, నేనే ఇంకో రెండు వేళ్లు అతికించుకున్నా. ఊరేగింపులో అందరికంటే ఎత్తుగా కనపడల్లని. మీ జేజి మిద్దెమీది నుంచి చూడల్లని."

"చూసిందా?"

"చూడకుండానే మీ నాయన పుట్టినాడా?" అంటాడు, కానీ ఈసారి నవ్వు కళ్ల దాకా రాదు. "ఈ మిల్లులో కాలు జారి పడితే హెల్మెట్ నా తలకాయ కాపాడిందని మీ నాయన అందరికీ చెప్తాడు గదా. కాలు జారలేదు మే. అతికించిన ఆ రెండు వేళ్లకే తీగ తగిలింది. మారెన్న బూటు పట్టి లాగకుంటే ఆ పొద్దే పోయేవాణ్ణి. సోకుకు పోయి పడినా అని చెప్పేదానికి సిగ్గేసి, జారినా అన్నా. మారెన్నతో కూడా ఒట్టేయించుకున్నా."

"నాయన దీన్ని దేవుని పటం పక్కన పెట్టినాడు," అంటాను.

"అదే చెప్తాండా. నేనాడిన అబద్ధం వాడు నెత్తిన పెట్టుకొని పోతాండాడు. నాకిప్పుడు గొంతు యాడిది? నువ్వే చెప్పల్ల."

"నాయన ముందు నా నోరు పెగలదు."

"పెగలదంటే ఎట్ల? డ్రిల్లు చేద్దాం రా."

ఆయన గంట కొడతాడు. ఫైరింజను కదులుతుంది, పొగ మధ్యలో బాట విడిపోతుంది, ఆ బాట చివర మా నాయన వీపు కనిపిస్తోంది, నెత్తిన ఇత్తడి, దాని పైన జానెడు ఎత్తులో ఒక నల్లటి తీగ పాములా మెల్లగా ఊగుతోంది.

"నాయనా," అంటాను.

"దోమ కూడా వినలేదు. ఇంకోసారి!"

"నాయనా..."

"బడిలో హాజరు పలుకుతాండావా? కడుపులోంచి!"

ఆడవాళ్లందరూ "అరుచు పాపా, అరుచు," అంటున్నారు, తీగ దిగుతోంది, నాయన ఇంకో అడుగు వేస్తున్నాడు, నేను పిడికిళ్లు బిగించి, నాకున్న పదిహేనేళ్ల గొంతంతా కూడగట్టుకుని అరుస్తాను, "నాయనా, తియ్యి! దాన్ని తియ్యి!"

"ఏం తియ్యల్ల మే?"

చాప మీద లేచి కూర్చుని ఉన్నాను. కిటికీలోంచి ఎండ నా కాళ్ల మీద పడుతోంది. గుమ్మంలో నాయన ఖాకీ బట్టల్లో నిలబడి ఉన్నాడు, ఇత్తడి హెల్మెట్ రెండు చేతుల్లో ఉంది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఒక్క నిమిషం ఆగితే మళ్లీ నోరు మూసుకుపోతుందని నాకు తెలుసు. అందుకే ఆగను. ఇత్తడి సంగతి, తీగల సంగతి, బల్బు సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తాను. నాయన మధ్యలో "మీ జేజినాయన ప్రాణం నిలబెట్టింది పాపా ఇది," అంటాడు. నేను లేచి వెళ్లి హెల్మెట్ మీద చెయ్యి వేసి, తురాయి అడుగు నుంచి రెండు వేళ్లు కొలిచి, అక్కడ గోటితో గీస్తాను. గోరు చిన్నగా తట్టుకుంటుంది. వెంట్రుకంత అతుకు, తురాయి పొడవునా. "పై రెండు వేళ్లు జేజినాయన సోకుకు అతికించుకున్నవి, ఆ పొద్దు మిల్లులో తీగ తగిలింది వీటికే, కాలు జారి కాదు," అంటాను.

నాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, తన గోటితో ముందు నుంచి వెనక దాకా చూసుకుంటాడు. మళ్లీ వెనక నుంచి ముందుకు. ఆ తర్వాత దాన్ని చాప మీద పెట్టి, కొక్కేనికున్న పసుపు హెల్మెట్ తీసుకుంటాడు.

"ఎవరు చెప్పినారు మే నీకు ఇదంతా?"

నా గొంతు బొంగురుపోయి ఉంది. అయినా తల దించుకోను.

"నేనే చెప్తాండా నాయనా," అంటాను.