హాస్టల్ మీద వ్యాసం

హెలెన్ రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతుంది. అమ్మాయిల హాస్టల్ బాధ్యత కూడా ఆమెదే. అనేక దేశాల కాలేజీలు కలిసి పాత ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తున్నాయని తెలిసి, ప్రిన్సిపాల్‌ని బతిమాలి తన కాలేజీని కూడా అందులో చేర్పించింది.

ప్రయోగం చూడ్డానికి చిన్నదే. మనిషికి నచ్చని సంగతిని మెచ్చుకుంటూ ఆ మనిషి చేతే ఒక వ్యాసం రాయించాలి. తర్వాత అభిప్రాయం అడగాలి. "రాస్తే రాయండి, మీ ఇష్టం" అంటే రాసినవాళ్ల మనసు రాతవైపు వాలుతుందనీ, "రాసి తీరాలి" అంటే వాలదనీ పాత పుస్తకాల మాట. హెలెన్ ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిందీ అదే.

పిల్లలెవరికీ నచ్చని విషయం ఒకటి కావాలి. హాస్టల్ మూసేస్తారన్న పుకారు అప్పటికే తిరుగుతోంది. హెలెన్ దాన్నే ఎంచుకుని, హాస్టల్ మూసెయ్యడమే మంచిదని పిల్లల చేత రాయించింది.

నూకరత్నం కాకినాడ అవతల సముద్రం ఒడ్డు పిల్ల. ఇంటిల్లిపాదీ చేపల మీద బతికేవాళ్లే. హాస్టల్ లేకపోతే ఆ పిల్లకి చదువు లేదు. ఆమె "రాసి తీరాలి" గుంపులో పడింది. కాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని, ఆ తర్వాత తలెత్తకుండా రాసింది. వానొస్తే శ్లాబు కారుతుందని, ఇంటి దగ్గరుంటే అమ్మకి చేదోడవుతుందని రాసింది. చివర్లో అభిప్రాయం అడిగితే, మూసేసినా ఫరవాలేదన్న వైపు గుర్తు పెట్టింది.

అంతా అయ్యాక హెలెన్ పిల్లలందరికీ అది ఉత్త ప్రయోగమేనని విడమరిచి చెప్పింది.

"అర్థమైందండి మేడమ్," అంది నూకరత్నం. "కానీ నేను రాసిందాంట్లో అబద్ధం ఏం లేదు కదండీ?"

హెలెన్ నవ్వేసింది.

కొన్ని నెలలకి ఫలితాలు వచ్చాయి. రాసినవాళ్ల అభిప్రాయాలు మారాయి. అయితే ఇష్టపడి రాసినా, తప్పక రాసినా ఒకేలా మారాయి. ఇష్టానికి అక్కడ విలువే లేకపోయింది. హెలెన్ ఆ సంగతి ప్రిన్సిపాల్ దొరబాబు గారికి ఉత్సాహంగా చెప్పబోయింది. ఆయన వినలేదు.

"హాస్టల్ తీసేద్దామని మేనేజ్‌మెంట్ అనుకుంటోందండి. ఆ స్థలం వేరేదానికి కావాలట. ఎందుకు మూసెయ్యాలో మీరో నోట్ రాసివ్వాలి."

"నేనెలా రాస్తానండీ? ఆ పిల్లలు ఏమైపోతారు?"

"ఇన్‌ఛార్జి మీరే కదమ్మా. మీరు కాక ఇంకెవరు రాస్తారు? పొద్దున్నకల్లా నా టేబుల్ మీదుండాలి."

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ రాత్రే నోట్ రాయడానికి కూర్చుంది. రాసేటప్పుడు ఒకటే ధైర్యం చెప్పుకుంది. దీని లోగుట్టు నాకు తెలుసు, నన్నిదేం చేస్తుంది అనుకుంది. శ్లాబు గురించి రాసింది, చెమ్మ పట్టిన గోడల గురించి రాసింది. వాక్యాలు బాగా కుదిరాయి కూడా.

నోట్ ఇచ్చిన వారానికి, భోజనాల దగ్గర ఆమె భర్త ఐజాక్ అన్నాడు. "పాపం ఆ ఆడపిల్లల్ని ఎక్కడికి పొమ్మంటారే?"

"అది కాదండీ. ఆ బిల్డింగ్ నిజంగానే ప్రమాదం. ఏదైనా అయితే ఎవరిది పూచీ?"

ఐజాక్ అన్నం కలపడం ఆపి ఆమె వంక చూశాడు. "కిందటేడు ఇంజనీరు వచ్చి, చిన్న రిపేరు చాలన్నాడని నువ్వే చెప్పావు కదా!"

చెప్పింది. ఆ ఇంజనీరు ముఖం కూడా గుర్తుంది. గుర్తున్నా, బిల్డింగ్ కూలిపోతుందన్న భయం మాత్రం గుండెల్లోంచి కదల్లేదు. ఎంత తిప్పి చూసుకున్నా, పాత హెలెన్ అనుకున్నట్టు అనుకోవడం చేతకాలేదు. ఆ అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది.

హాస్టల్ ఖాళీ చేసే రోజున నూకరత్నం వాళ్లమ్మ రత్తమ్మ వచ్చింది. వరండాలో హెలెన్ చేతులు పట్టుకుంది.

"మీరో మాట చెబితే ఉంచుతారంటండి, అమ్మగారూ. ఇంకొక్క ఏడాదండి. పిల్ల పాసైపోద్ది."

చెబుతాను అందామని నోరు తెరిచింది హెలెన్. "బిల్డింగ్ బాలేదు రత్తమ్మగారూ," అన్న మాటే వచ్చింది.

"ఔనే అమ్మా," అంది నూకరత్నం ట్రంకు పెట్టె ఎత్తుతూ. "వానొస్తే శ్లాబు కారుతుంది. మేడమ్‌గారు మాత్రం ఏం చేస్తారు?"

ఆ మాట ఆ పిల్లదో, తాను రాయించినదో హెలెన్‌కి అంతుపట్టలేదు. తల్లీకూతుళ్లు కాకినాడ బస్సెక్కి వెళ్లిపోయారు.

కాలేజీ తెరిచాక నూకరత్నం కొన్నాళ్లు బస్సులో వచ్చింది. తర్వాత మానేసింది. హెలెన్ ఫోన్ చేస్తే అవతల ఒకటే గోల, నీళ్ల చప్పుడు. రొయ్యల ఫ్యాక్టరీలో చేరానంది.

"మళ్లీ రావచ్చు కదమ్మా. ఏదైనా దారి చూద్దాం."

"వద్దులెండి మేడమ్. నాకిక్కడే బాగుందండి. అమ్మకీ తోడుగా ఉంది." ఆ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "నిజంగానండి, ఇదే బాగుంది."

ఎవరో కేకేస్తే, ఉంటానండి అని పెట్టేసింది. స్టాఫ్ రూములో పక్క సీటావిడ ఏమైందని అడిగింది. "ఆ పిల్లకి అక్కడే బాగుందటండి," అంది హెలెన్.