ఇద్దరికీ ఒక్కటే తాళంచెవి

టేకులపల్లి బస్టాండు పక్కన రాజేష్ నడిపే నెట్ సెంటర్లో కంప్యూటర్లు నాలుగు. కిటికీ వైపున్న మూడో నంబరంటే జ్యోత్స్నకు ప్రాణం. దాని మౌసు మొండికేస్తుంది, కీబోర్డు మీద 'ఎ' అక్షరం అరిగిపోయింది. అయినా సరే. ఆరాధనా తనూ ఒకే కుర్చీలో చెరి సగం కూర్చుని ఊరు కట్టుకున్నది దాని మీదే.

ఊరంటే నిజం ఊరు కాదు, ఇంటర్నెట్‌లో ఆడే ఆట. పేరు మై హ్యామ్లెట్. హ్యామ్లెట్ అంటే తండా అని ఇంగ్లీషు సారు చెప్పినప్పుడు ఆరాధన క్లాసులోనే కిసుక్కున నవ్వింది. "చూడే, మీ తండాను తెల్లోళ్లు ఆట చేసిండ్రు" అంది. అందులో గుడిసెలు వేసుకోవాలి, పొలం దున్నాలి, విత్తనం పెట్టాలి, పండితే కోసుకోవాలి. ముప్పై రోజులు ఎవరూ లోపలికి రాకపోతే ఊరి మీదికి అడవి పెరుగుతుంది. గుడిసెలు చెట్ల కిందపడి కనబడకుండా పోతాయి. ఇక తిరిగి రావు. ఆ నియమం విని జ్యోత్స్న తల్లి కమ్లి, పత్తిచేనులో కలుపు తీస్తూనే తలూపింది. "ఆటల గూడ గంతేనా ఛోరీ? పోడు ఇడిసిపెడితే అడివి ఊకుంటదా, తింటది."

జ్యోత్స్న నోట్లో నాలుక లేని పిల్ల. సారు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చినా లేచి చెప్పదు, నోటుబుక్కు అంచు మీద రాసుకుంటుంది. పక్కన కూర్చున్న ఆరాధన అది చూసి లేచి, "సార్, జ్యోత్స్న చెప్తుంది" అని దాని తరఫున చెప్పేది. ఆరాధన తల్లి ఫ్లోరెన్స్ సర్కారు దవాఖానాలో నర్సు. పిల్లల తొమ్మిదో తరగతి అయిపోగానే ఆమెకు మధిర బదిలీ అయింది. మే నెలలో సామాను లారీ కదిలిన రోజు నుంచి జ్యోత్స్న పక్కన బెంచీ ఖాళీ. దాని తరఫున లేచేవాళ్లు లేరు.

తండాకు పోస్టు రాదు. ఉత్తరాలన్నీ బడికి వస్తాయి. ఆడపిల్ల పేరు మీద వస్తే హెడ్మాస్టరు సారు ప్రేయర్లో అందరి ముందూ విప్పి చదువుతాడు. ఒకసారి ఇంకో పిల్ల ఉత్తరం అట్లా చదివితే ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. అందుకని వెళ్లే ముందే ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు, ఉత్తరాలు వద్దు, మాటలన్నీ హ్యామ్లెట్‌లోనే అని. శనివారం ఒంటిపూట బడి కాగానే జ్యోత్స్న వెళ్లి నీళ్లు పెడుతుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆరాధన మధిరలో నెట్ సెంటరుకు పోయి కోతలు కోస్తుంది. ఇద్దరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. పొలం గట్టున ఒక చెక్కబోర్డు ఉంటుంది. దాని మీద నలభై నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు మించి పట్టవు. అయినా ఆ బోర్డు మీద ఎన్ని పట్టాయో! "సారు నన్ను లేపలె, బతికిన" అని జ్యోత్స్న రాస్తే, మర్నాడు "నా పక్కన కొత్త పిల్ల. నీలెక్క లేదు" అని ఆరాధన రాసేది. ఆ ఒక్క ముక్కను జ్యోత్స్న డైరీలో ఎక్కించుకుని వారమంతా చదువుకునేది.

జులై చివరి వారం బోర్డు మీద ఇలా ఉంది: "ఇల్లు మారుతున్నం. నాన్న నంబర్ మారింది." కొత్త ఇంటి అడ్రస్ వచ్చే ఆదివారం వస్తుందని జ్యోత్స్న వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

ఆగస్టు ఎనిమిది, శనివారం. మూడో నంబరు ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొడితే పొలం రాలేదు. బూడిదరంగు పేజీ ఒకటి వచ్చింది, మధ్యలో తాళంకప్ప బొమ్మ.

"రాజేష్ అన్నా, ఇదేందో చూడవా?" ఆ మాట అడగడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది.

రాజేష్ ఖమ్మంలో ఖానాపురం హవేలి పిల్లవాడు. డిగ్రీ మధ్యలో ఆపి ఇక్కడ షాపు పెట్టుకున్నాడు. వంగి చదివాడు. "సెక్యూరిటీ చెల్లే. ఆట నడిపేటోళ్లు కొత్తగ కాపలా పెట్టిండ్రు. నీది కాదని డౌట్ వచ్చి తాళమేసిండ్రు. గీ సీక్రెట్ ప్రశ్నకు జవాబు కొడితే తీస్తరు. తీసినంక కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలె, పాతది పనికిరాదు. మూడు సార్లే చాన్స్."

ప్రశ్న: మదర్స్ మెయిడెన్ నేమ్.

జ్యోత్స్నకు గుండె తేలికపడింది. ఈ ప్రశ్న ఆమెకు గుర్తుంది. ఖాతా తెరిచిన రోజు ఇద్దరూ చిన్న డిక్షనరీ తెరిచి వెతికారు. మెయిడెన్ అంటే పెళ్లికాని పిల్ల అని ఉంది. అంటే అమ్మ పెళ్లికాక ముందు పేరు అన్నమాట, అని ఇద్దరూ తేల్చుకున్నారు. పుట్టింటి ఇంటిపేరు అడుగుతున్నారని వాళ్లకు చెప్పేవాళ్లెవరు? అప్పుడు ఆరాధన దగ్గరికి జరిగి చెవిలో చెప్పింది. వాళ్లమ్మ ఫ్లోరెన్స్ కాక ముందు మంగమ్మ. పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకుని పేరు మార్చుకుంది. "మా అమ్మకు ఆ పేరంటే నామోషీ. ఎవ్వరికి చెప్పకు, ఒట్టు. నీ డైరీల గూడ రాయకు." ఆ తర్వాత కీబోర్డును అరచేతులతో మూసుకుని ఏదో కొట్టింది.

జ్యోత్స్న చుట్టూ చూసి, రాజేష్ అటు తిరిగాక, ఆ పేరు కొట్టింది. తప్పు అంది పేజీ. ఇంగ్లీషులో 'ఎం' రెండు సార్లు వస్తుందో ఒకసారో అని ఒక్క అక్షరం తగ్గించి కొట్టింది. మళ్లీ తప్పు. "ఇంకొక్క ప్రయత్నం మిగిలింది" అని ఎర్రగా పడింది. చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నీ పేరే కదా ఖాతా, నీ అమ్మ పేరు నీకు తెల్వదా?" రాజేష్ నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఆగు, సపోర్టోళ్లకు మెయిల్ పెడదాం. ఎక్కడోళ్లో గానీ మంచిగనే మాట్లాడుతరు." ఆమె చెప్పినంత ఇంగ్లీషులో రాసి పంపాడు.

ఆ వారం పొడుగూ ఒక్కటే ఆలోచన. ఆరాధనకు జవాబు తెలుసు, కొట్టింది తనే కదా. ఆదివారం వచ్చి ఉంటే తాళం తీసేది. తీయలేదంటే రాలేదా? రాలేదంటే? కొత్త ఇల్లు, కొత్త గల్లి, పక్కన కొత్త పిల్ల. రోట్లో కారం దంచుతూ ఆగిపోతే కమ్లి రోకలి తీసుకుని, "నీ దోస్తు కోసమా? కారానికి ఏడ్సినట్టు ఏడువు, ఎవ్వరు అడగరు" అంది.

జెండా పండగ నాడు బడిలో మిఠాయి పంచాక జ్యోత్స్న పరుగున సెంటరుకు వచ్చింది. జవాబు వచ్చి ఉంది. ఇనెస్ అనే ఆమె సంతకం చేసింది. రాజేష్ చదివి తెలుగులో చెప్పాడు. "ఒకే ఖాతాను హైదరాబాదు నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు తెరుస్తున్నరట. ఇద్దర్ల ఒకరు దొంగ కావచ్చునట."

"హైదరాబాదేంది అన్నా?"

"మన లైను గట్లనే కనబడతది. వాళ్లకు టేకులపల్లి ఏడ తెలుస్తది? మధిర అంటే విజయవాడ అనుకుంటరు. సరే, మూడు ప్రశ్నలు అడిగింది. ఖాతా ఏ తారీఖున తెరిచినవ్? మొదట ఏం విత్తనం పెట్టినవ్? మూడోది, ఈ ఖాతా వాడేది నువ్వొక్కదానివేనా? ఒకరికంటె ఎక్కువైతే రూల్ ప్రకారం మూసేస్తరట. దానికేముంది, అవ్ అని కొట్టు, అయిపోతది."

జ్యోత్స్న కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. నేనొక్కదాన్నే. ఎదురుగా ఎవరూ లేరు, అడిగిన మనిషి ఏ దేశంలో ఉందో కూడా తెలియదు. అయినా ఆ మూడక్షరాలు కొడితే ఆరాధనను దొంగ అని రాసిచ్చినట్టే అనిపించింది. చెయ్యి రాలేదు.

"తారీఖు గుర్తులేదన్నా. డైరీల చూసుకొస్త" అని లేచింది.

ఆ మాట అబద్ధం కాదు. ఇంటికి వచ్చి, రేకు పెట్టె అడుగు నుంచి పాత డైరీ తీసి, గుమ్మంలో వెలుతురుకు కూర్చుంది. మార్చి పద్నాలుగు, శనివారం. తన చేతిరాతే, అయినా ఎవరో రాసినట్టు చదువుకుంది.

"ఈ రోజు నెట్ సెంటర్లో ఊరు పెట్టినం. మిరప విత్తనం లేదు, క్యారెట్ పెట్టినం. ఆరాధన ఒక మాట చెప్పింది, ఇక్కడ రాయను. తర్వాత మీ అమ్మ పేరు పెళ్లికి ముందు ఏంది అని అడిగింది. అప్పుడూ కమ్లియే, ఇప్పుడూ కమ్లియే అన్న. అదృష్టవంతురాలు, ఎప్పటికీ మారదు అంది. ఈ ఊరు నీ పేరు మీదనే ఉంటది, నీదే అంది. ఆరాధన మాటిమాటికి కళ్లు తుడుచుకుంది. మానిటర్ వెలుగు పడతలేదట."

జ్యోత్స్న ఆ చివరి వాక్యం దగ్గర ఆగింది. ఆరాధన తల్లి బదిలీ కాగితం మార్చిలోనే వచ్చింది. ఆ సంగతి జ్యోత్స్నకు ఏప్రిల్లో గానీ తెలియలేదు. ఆ రోజు మానిటర్ వెలుగు కాదు. తను పోతున్నానని ఆరాధనకు అప్పటికే తెలుసు. తెలిసే ఊరు జ్యోత్స్న పేరు మీద పెట్టింది. అలాంటప్పుడు ప్రశ్నకు ఆరాధన తన సొంత తల్లి పేరు ఎందుకు పెడుతుంది?

ఒక్క ప్రయత్నమే ఉంది. రేషన్ కార్డులో తల్లి పేరు ఇంగ్లీషులో కమిలి అని పడింది. తొమ్మిదో తరగతి ఫారంలో జ్యోత్స్న అలాగే రాస్తే, ఆరాధన పెన్ను లాక్కుని మధ్యలో అక్షరం కొట్టేసింది. "మీ అమ్మను కమిలి అని ఎవరు పిలుస్తరే?"

ఆగస్టు ఇరవై రెండు. మూడో నంబరు మీద ఎవరో ఉంటే లేచేదాకా నిలబడింది. కూర్చుని ఐదక్షరాలు కొట్టింది, అరిగిన 'ఎ' ను తడిమి పట్టుకుని. కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తాళంకప్ప లేదు.

ముందు కొత్త పాస్‌వర్డ్ అడిగింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక, ఎవరెవరు ఎప్పుడు వచ్చారో. రాజేష్‌ను పిలవకుండా తనే కూడబలుక్కుని చదివింది. ఆగస్టు తొమ్మిది, విజయవాడ: ప్రశ్న చూశారు, జవాబు ఇవ్వలేదు. ఆగస్టు పదహారు, విజయవాడ: ప్రశ్న చూశారు, జవాబు ఇవ్వలేదు.

వచ్చింది. రెండు ఆదివారాలూ వచ్చింది. జవాబు చేతిలో ఉండి కొట్టకుండా లేచిపోయింది. కొడితే కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి, పెడితే జ్యోత్స్న బయట ఉండిపోతుంది. నీ తాళం నువ్వే తీసుకో అని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది.

ఇప్పుడు తను ఏది పెట్టినా ఆరాధన బయటే. జ్యోత్స్న చాలాసేపు ఆ ఖాళీ గడి వైపు చూసింది. తర్వాత చెవిలో విన్న పేరు కొట్టింది. 'ఎం' రెండుసార్లా ఒకసారా? తనకు ఎలా తోస్తే అలా.

పొలం తెరుచుకుంది. క్యారెట్లన్నీ ఎండి నల్లబడ్డాయి. ఊరి చుట్టూ అడవి మూడు వరసలు లోపలికి వచ్చేసింది. గట్టు మీద బోర్డు, ఆగస్టు రెండో తారీఖుది: "ఇల్లు మారినం. చర్చి వెనక గల్లి. నీలి గే". అక్కడికి నలభై నాలుగు అక్షరాలూ అయిపోయాయి.

పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవర్లు అయిపోయాయి, కార్డే ఉంది. కార్డును పోస్ట్‌మ్యాన్ చదువుతాడు, గల్లీ అంతా చదువుతుంది. ఉత్తరాలు వద్దన్న ఒట్టు ఎట్లాగూ తప్పుతోంది. జ్యోత్స్న నిలబడి, పేరు చెప్పనన్న ఒట్టు మాత్రం తప్పకుండా రాసింది. "ఆరాధనా, తాళం తీసిన. కొత్త తాళంచెవి నువ్వు నా చెవుల చెప్పిన పేరు. స్పెల్లింగ్ నాకు వచ్చినట్టు పెట్టిన, తిట్టకు. క్యారెట్లు ఎండినయ్. నేను మళ్లీ విత్తిన." అడ్రస్ దగ్గర ఆరాధన నాన్న పేరు వేసింది: సుకుమార్ గారమ్మాయి, చర్చి వెనక గల్లి, నీలి గేటు ఇల్లు, మధిర.

ఇనెస్ మెయిల్‌కు జవాబు రాయలేదు. "అడిగినదానికి చెప్పకుంటె ఎట్ల?" అని రాజేష్ అంటే, "అబద్ధం రాయబుద్ధి గాలె అన్నా. నిజం రాస్తే మూస్తరు" అంది. ఆమె ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం అతను వినడం అదే మొదలు.

తర్వాతి శనివారం పట్టికలో కొత్తగా విజయవాడ లేదు. క్యారెట్లు తను పెట్టినవి పెట్టినట్టే. ఆ వారం జ్యోత్స్న డైరీలో ఏమీ రాసుకోలేదు.

సెప్టెంబరు ఐదు. బోర్డు మీద పోయిన శనివారం తను రాసిన మాటే ఉంది. కోత కోసినట్టూ లేదు. ఒక్క మడికి మాత్రం తడి ఉంది, మిగతావన్నీ పొడి. అక్కడిదాకా నీళ్లు పెట్టగానే మధిరలో కరెంటు పోయి ఉంటుంది. జ్యోత్స్న కిందికి జరిపి పట్టిక చూసింది.

ఆగస్టు ముప్పై, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు యాభై రెండు, విజయవాడ. తప్పు ప్రయత్నాలు రెండు. మూడోది సరి.

రెండు తప్పులు. ఆరాధన గోరు కొరుకుతూ, వాళ్లమ్మ పేరును ఒకలా కొట్టి, ఇంకోలా కొట్టి, జ్యోత్స్న అయితే ఎలా రాస్తుంది అని ఆలోచించి, అచ్చం జ్యోత్స్న తప్పుతోనే కొట్టింది. ఆ చివరి వరస మీద వేలు పెట్టి జ్యోత్స్న అరగంట అయిపోయేదాకా కూర్చుంది. పొలానికి నీళ్లు పెట్టడం మరిచిపోయింది.