బ్రూనోకి తలంటు

ఆదివారం పొద్దున్నే పెరట్లో కూర్చుని కుంకుడుకాయలు చితక్కొడుతుంటే హాల్లోంచి మా ఆయన "నీళ్ళు కాగాయా?" అని కేకేశారు. ఆదివారం అంటే ఆయనకి తలంటు. పెళ్ళయిన కొత్తలో మొదలైన వైభోగం, ఇప్పటికీ నడుస్తోంది. పీట వేసి, నూనె గిన్నె, తువ్వాలు అమర్చి పిలిస్తే వచ్చి కూర్చుంటారు. నేను మాడు మీద నూనె మర్దిస్తుంటే కళ్ళు మూసుకుని ఫోన్లో లారీల గురించి మాట్లాడుకుంటారు. కానీ ఇవాళ్టి కుంకుళ్ళు ఆయన కోసం కాదు, మా కుక్క బ్రూనో కోసం. ఆ సంగతి చెప్పకుండా కాసేపు ఆగండి అన్నాను. బ్రూనో పెరటి మెట్టు మీద గడ్డం ఆనించి నా చేతుల్నే చూస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి భీమవరం నుంచి దొరబాబు గారు వస్తున్నారని, వెళ్ళేటప్పుడు తనని కూడా వ్యాన్ ఎక్కించుకుని తీసుకుపోతారని వాడికి తెలియదు.

బ్రూనోని తెచ్చింది మా ఆయనే. మాది రామచంద్రపురం. ఆయన పేరు గణేష్‌బాబు, చేసేది కొబ్బరి వ్యాపారం. కిందటేడు ఎవరింట్లోనో గోల్డెన్ రిట్రీవర్‌ని చూసి ముచ్చటపడి, బంగారు రంగు బొచ్చున్న పిల్లనొకదాన్ని బుట్టలో పెట్టుకుని వచ్చారు. నాకు కుక్కలంటే భయమండీ అంటే, నువ్వేం చెయ్యక్కర్లేదు, అన్నీ నేను చూసుకుంటాను అన్నారు. ఆ అన్నీలో ఏమేం వస్తాయో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. వారం తిరక్కుండా వాడికి అన్నం కలపడం, వాకిట్లో వాడు చేసిన పాడు ఎత్తిపొయ్యడం, సోఫా మీది బొచ్చు ఏరడం నా పనుల్లో కలిసిపోయాయి. ఆయన వాటాకి ఫోటోలు మిగిలాయి. ఎప్పుడైనా ఒక మాట అన్నానంటే జవాబు సిద్ధంగా ఉండేది, "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని. నేను ఒక ప్రైవేటు స్కూల్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా అత్తగారు బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు రెండు నెలలు సెలవు పెట్టమన్నారు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు. ఇంత ఖాళీ ఉన్న ఇంట్లో నేను టీ చల్లారకముందు తాగిన రోజు గుర్తులేదు.

మా ఆయన చెడ్డవాడేం కాదు. తాగరు, చెయ్యి చేసుకోరు. మీ ఆయన దేవుడమ్మా అని వీధిలో అందరూ అంటారు. దేవుడికి చెయ్యాల్సినవన్నీ నేనూ చేస్తున్నాను కాబట్టి కాదనను.

బ్రూనో విషయానికి వస్తే, వాడి మీద నాకు ఇష్టం ఎప్పుడు పుట్టిందో బాగా గుర్తుంది. ఒకరోజు వాడి కాలికి బురద పట్టిందని కుళాయి దగ్గర కడుగుతున్నాను. కడగడం అయిపోయింది, వదిలేశాను, ఇక పొమ్మన్నాను. వాడు పోలేదు. తడి ఒంటితో వచ్చి నా భుజానికి తల ఆనించి, బరువంతా నా మీద వేసి, అలా నిలబడిపోయాడు. మా ఇంట్లో నేను తలంటని తల లేదు. ఆదివారం ఆయనకి, శుక్రవారం అత్తగారికి, కాకినాడ హాస్టల్లో చేరేదాకా మా అమ్మాయికి. తలంటు అవగానే అందరూ తువ్వాలు చుట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. నా చేతుల కింద నుంచి లేచాక కూడా నా దగ్గరే ఉండిపోయింది వీడొక్కడే. నవ్వుకోండి, ఆ రోజు కుళాయి దగ్గర నాకు ఏడుపొచ్చింది.

ఈ ఏడు వానలకి వాడి ఒళ్ళు చెడింది. మన గాలిలో చెమ్మ ఎక్కువ, వాడిది చలి దేశపు బొచ్చు. గోక్కుని గోక్కుని తొడల మీద, తోక మొదట్లో ఎర్రటి పుండ్లు పడ్డాయి. కొనుక్కొచ్చిన షాంపూ వేస్తే మంటకి కుయ్యోమన్నాడు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మనింట్లో పసిపిల్లలకి చేసినట్టే చేద్దాం అనుకున్నాను. పెసలు, బియ్యం, కచ్చూరాలు, పసుపు కలిపి సున్నిపిండి పట్టించాను. ముందు కొబ్బరినూనె దట్టంగా రాసి, నానబెట్టి, సున్నిపిండితో నలుగు పెట్టి, సుబ్బరంగా నీళ్ళు పోశాను. మా అమ్మాయి పుట్టినప్పుడు చేసింది అదే కదా. కాకపోతే మా అమ్మాయికి ఒళ్ళంతా జానెడు బొచ్చు లేదు. నూనెలో తడిసిన పిండి బొచ్చు అడుక్కి చేరి అక్కడే ఉండిపోయింది. మర్నాటికి పులిసింది. మూడో నాటికి ఇల్లంతా వాసన.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన వ్యాపారస్తుల ముందు మా ఆయన ఒక జోకు వేశారు. "మా ఆవిడ కుక్క మీద పిండి కలిపిందండి. ఇంక అట్లు పోసుకోడమే తరువాయి" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నా మీద వేసిన జోకుకి నవ్వడం కూడా నా పనుల్లో ఒకటైపోయింది, ఎప్పుడు చేరిందో తెలియలేదు. వాళ్ళు వెళ్ళాక ఆయన దొరబాబు గారికి ఫోన్ చేశారు. దొరబాబు గారు ఆయన చిన్ననాటి స్నేహితుడు, భీమవరం అవతల రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్టు మీద కాపలాకి ఒక కుక్క కావాలన్నావుగా బావా, దసరా వెళ్ళాక వచ్చి మావాణ్ణి పట్టుకుపో, ఇంట్లో భరించలేకపోతున్నాం అని చెప్పేశారు. భరిస్తున్నదెవరో నన్ను అడిగితే చెప్పేదాన్ని.

గట్టు మీద గొలుసుతో, ఆ పుండ్లతో, ఎండలో వానలో వాడెలా ఉంటాడో ఊహించుకుంటే నిద్ర పట్టలేదు. తెల్లారాక ఆటోలో ఎక్కించుకుని పశువుల డాక్టరు తబిత గారి దగ్గరికి తీసుకెళ్ళాను. నేను చేసిన నిర్వాకం చెబితే ఆవిడ నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. పుండ్లకి మందిచ్చి, మీరు ప్రేమగానే చేశారండి, కాకపోతే పిండీ నూనే వాడి ఒంటికి పడవు, ఇంట్లో ఏం చేసినా పలచగా చెయ్యండి, పూర్తిగా కడిగెయ్యండి, అడుగు దాకా ఆరబెట్టండి అన్నారు. కర్పూరం లాంటి ఘాటైనవి దగ్గరికి రానివ్వద్దన్నారు. పుండ్లు మానాక కుంకుళ్ళు వాడొచ్చాండి అని అడిగితే, బాగా పలచన చేసి ముందు కాస్త చోట రాసి చూడమన్నారు. ఒక మనిషి నా తప్పుని నా ముందు పెట్టి, నన్ను చిన్నబుచ్చకుండా పంపడం ఎంత హాయిగా ఉంటుందో ఆటోలో వస్తూ తలుచుకున్నాను. ఆవిడకి నేను ఎప్పటికీ కృతజ్ఞురాల్ని.

మందుకి పుండ్లు మానాక నేను మళ్ళీ కెమిస్ట్రీ టీచర్నయ్యాను. కుంకుళ్ళు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, పాత పంచె ముక్కలో వడకట్టి, మళ్ళీ వడకట్టి, చెంబు నీళ్ళలో కాస్త కలిపితే ఎంత నురగ వస్తుందో చూశాను. మందారాకులు నలిపి ఆ జిగురు కలిపితే బొచ్చు చిక్కు పడలేదు. చివరికి వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళు. కొబ్బరినూనె మాత్రం పంజాల కింద పగుళ్ళకి, వేలి కొసతో. ఆపైన మా ఆయన పాత పంచెలతో తుడిచి, ఎండపట్టున కూర్చోబెట్టి, మా అత్తగారి పేల దువ్వెనతో పాయ పాయా విడదీసి ఆరబెట్టడం. పిడుదులున్నా ఆ దువ్వెనకే దొరికేవి. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు ఎవరూ గుర్తొచ్చేవారు కాదు. కూనిరాగం తీస్తున్నానని ఒకరోజు నాకే తెలిసింది.

మా అత్తగారు అచ్చాయమ్మ గారు వెనక వరండాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ ఉండేవారు. ఒకప్పుడు వీధిలో పుట్టిన ప్రతి పిల్లనీ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఆ కుక్కని నా గడప దాటనివ్వకు అని మొదటి రోజే చెప్పేశారు. దువ్వెన తీసుకున్నప్పుడు మాత్రం ఎందుకోగానీ ఏమీ అనలేదు.

ఒకసారి బ్రూనో ఒళ్ళు విదిలించాడు, రసం నా కళ్ళల్లో పడింది. చిన్నప్పుడు కుంకుడు రసం కంట్లో పడితే మా అమ్మ గబగబా ఉప్పు కల్లు నోట్లో పెట్టేది. ఉప్పు చప్పరిస్తుంటే మంట తగ్గేది. నాలుకకీ కంటికీ సంబంధం ఏంటో ఎంత కెమిస్ట్రీ చదివినా నాకు తేలలేదు. ఆ మంటలో అలవాటుగా, ఎవరైనా కాస్త ఉప్పు తెచ్చిపెట్టరూ అని అరిచాను. మా ఆయన హాల్లోంచే, "ఉప్పేంటి, నువ్వేమన్నా చిన్నపిల్లవా? నీళ్ళు కొట్టుకో" అన్నారు. కొట్టుకున్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు కూడా. కానీ ఉప్పు పెట్టే చెయ్యి లేని ఇంట్లో ఇన్నాళ్ళుగా ఉన్నానని ఆ పూట తెలిసొచ్చింది.

దసరా వెళ్ళేసరికి పుండ్ల మచ్చలు కూడా పోయి, కొత్త బొచ్చు వచ్చింది. వాసన పోయిందన్న సంగతి మా ఆయన గమనించనే లేదు. ఇవాళ బాగా తయారుచేసి చూపిస్తే మనసు మార్చుకుంటారని నా ఆశ. అందుకే ఆయన తలంటు ఆపి మరీ వాడికి చేశాను. ఎండలో నిలబెట్టి దువ్వుతుంటే వరికుప్ప మీద పొద్దు పడ్డట్టు మెరిశాడు.

నా ఆశ ఫలించింది, కాకపోతే అడ్డంగా. దొరబాబు గారు వస్తూనే వాకిట్లో ఆగిపోయి, "ఇదేంటి బావా, సినిమా కుక్కలా ఉంది" అన్నారు. మా ఆయన అప్పుడు చూశారు బ్రూనోని. చూసి, మీసం సవరించుకుని, మనం పెంచితే అలాగే ఉంటుంది మరి అన్నారు. మనం అన్న మాటకి నేను చేతిలోని దువ్వెన వంక చూసుకున్నాను. భోజనాలయ్యాక దొరబాబు గారు, దీన్ని చెరువు మీద పెట్టడమేంటి, మా ఇంట్లోనే ఉంచుకుంటానండి ఆయ్, మా పిల్లలు ముచ్చటపడతారు అన్నారు. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కంపు కొట్టినప్పుడు వదిలించుకోడానికి ఇచ్చిన కుక్కని, ఇప్పుడు కానుకగా ఇస్తున్నారు.

"తీసుకెళ్ళు బావా. మా ఆవిడక్కూడా పని తగ్గుద్ది."

నేను అప్పుడు పెరుగు గిన్నె తీస్తున్నాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. బ్రూనో వచ్చి నా కాలికి ఒరిగి నిలబడ్డాడు, ఎప్పటిలాగే బరువంతా వేసి. ఆ బరువుకి నా కాళ్ళు నేల మీద గట్టిగా ఆనాయి. గిన్నె బల్ల మీద పెట్టేశాను.

"బ్రూనో ఎక్కడికీ రాడండి దొరబాబు గారూ, ఏమీ అనుకోకండి" అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "నాకు పని తగ్గించాలని ఉంటే మంచిదేనండి. వచ్చే ఆదివారం నుంచి మీ తల మీరే అంటుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఈసారి నేనూ నవ్వలేదు. మా ఆయన స్నేహితుడి వంక చూశారు. దొరబాబు గారు మాత్రం మర్యాద తెలిసిన మనిషి. "ఉంచుకోండి చెల్లెమ్మా, చేతిలో పెరిగిన ప్రాణం" అంటూ లేచి చెయ్యి కడుక్కున్నారు. వ్యాన్ ఖాళీగా వెళ్ళిపోయింది. మా ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వేసుకోనీ. రాత్రికి ఏమంటారో, రేపేమంటారో తెలియదు. ఏమన్నా బ్రూనో ఇక్కడే ఉంటాడు, ఆ పీట మీద ఆయన తల నా చేతి కిందికి ఇక రాదు. ఆ రెండూ నా లోపల స్థిరంగా ఉన్నాయి.

అంట్ల సంగతి తర్వాత చూద్దామని పెరట్లోకి వచ్చి మెట్టు మీద కూలబడ్డాను. బ్రూనో పక్కన పడుకున్నాడు. కాసేపటికి వెనక నుంచి వాకరు చప్పుడైంది. మా అత్తగారు. కొడుకుని నేనన్న మాటలన్నీ విన్నారు కదా, ఇప్పుడు నాకు వడ్డన ఉంటుందని సిద్ధపడ్డాను. ఆవిడ మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుని, పొద్దుటి కుంకుళ్ళ గిన్నెలోకి తొంగి చూశారు.

"రసం మిగిలినట్టుందే."

"మిగిలిందండి అత్తయ్యగారూ. పారబొయ్యనా?"

"ఎందుకు పారబొయ్యడం? ఆ పీట ఇలా నా కాళ్ళ దగ్గరికి లాక్కో. జడ విప్పు."

అర్థం కాక ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా వంక చూడలేదు, కొంగు ముడి విప్పుకుంటున్నారు. లేచి పీట వేసుకుని కూర్చున్నాను. చల్లటి చెయ్యి నా మాడు మీద పడింది. వణుకుతోంది. మా అమ్మ పోయాక నా తల మీద పడ్డ మొదటి చెయ్యి అది. రసం ఇంకా పొయ్యనే లేదు, నా కళ్ళు అప్పుడే మండుతున్నాయి. ఆవిడ కొంగులోంచి ఏదో తీసి నా నోటి దగ్గర పెట్టారు. ఉప్పు కల్లు.

"ముందే నోట్లో పెట్టుకో కళా. నా చేతులు నిలకడగా ఉండవు, కళ్ళల్లో పడుద్ది."