మట్టి చప్పుడు

నాకు ముక్కు మీదే కోపమని మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. అయినా హెడ్ గారు ఫోన్ చేసి, ఈ ఏడాది మట్టి ప్రాక్టికల్ తీసేద్దామని చల్లగా చెప్పారు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి మారాయి కదా, చేత్తో పట్టి చూసే పరీక్ష తెర మీద ఎలా పెడతాం, నాలుగు వీడియోలు చూపించేద్దాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. తడిపిన మట్టిని వేళ్ల మధ్య నలిపి అందులో ఇసుకెంతో, బంకెంతో చెప్పడమే ఆ ప్రాక్టికల్. ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్నాను. ఒక్కసారి సిలబస్‌లోంచి జారిందంటే మళ్లీ దాన్ని లోపలికి రానిచ్చే నాథుడుండడు.

"పిల్లల చేతిలో మట్టిని మీరు ముట్టుకోలేరు కదా మేడమ్. మార్కులు ఎలా వేస్తారు?" అని అడిగారు.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు, అదే నా బాధ. ఒక్క క్లాసు ఇవ్వండి, మీరూ వచ్చి చూడండి, కుదరకపోతే మీరు చెప్పినట్టే కానిద్దాం అన్నాను. బతిమాలడం నా ఒంటికి సరిపడదు. అయినా బతిమాలాను.

గురువారం పదింటికి వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. మట్టి కోసం పూలకుండీలో చెయ్యి పెడితే మా అత్తయ్య నన్ను దొంగను చూసినట్టు చూసింది. పిల్లలు ఎక్కడున్న వాళ్లు అక్కడి మట్టే తెచ్చుకున్నారు. ఒకడు పెరట్లోంచి, ఒకతె రోడ్డు పక్క గోతిలోంచి. తొమ్మిదో అంతస్తు పిల్లయితే లిఫ్టు దిగి పార్కుదాకా వెళ్లొచ్చిందట. కాలేజీలో అందరికీ ఒకే బస్తాలోది పంచేదాన్ని. ఇప్పుడు తెర మీద ఇరవై ఆరు గడులు, ఇరవై ఆరు రంగుల మట్టి. ఎంత ముచ్చటేసిందో.

ముచ్చట పడితే మార్కులు పడవు కదా. మొదటివాడు మెత్తగా ఉందన్నాడు. రెండోవాడూ అదే, మూడోదీ అదే. ఎవరు నలిపి చెప్తున్నారో, ఎవరు పక్కవాడి మాట అప్పచెప్తున్నారో నాకెలా తెలిసేది? క్లాసులో చేరిన హెడ్ గారు కెమెరా ఆపేసుకుని కూర్చున్నారు. కడుపుమంట అంతా చేతిలో ఉన్న కుండీ మట్టి మీద చూపిస్తున్నాను.

అంతలో మా బడాయి బాబు (క్లాసులో వాడికి తెలియని విషయం లేదు) నా మైకు పాడైందని, ఏదో గరగరమంటోందని చెప్పాడు. మైకు పాడవలేదు. నా వేళ్ల మధ్య ఇసుక అది!

నా బుర్ర వెలిగింది. అందరినీ మైకులు ఆపమన్నాను. ఒక్కొక్కరే మైకు దగ్గర మట్టిని నలపాలి, అది ఏ మట్టో చెప్పాలి, నేను విని మార్కు వేస్తాను. పెరటి మట్టి గరగరమంది, వాడూ ఇసుక నేలే అన్నాడు. పార్కు మట్టి సన్నగా రాసుకుంది, అందులో ఇసుక తక్కువని ఆ పిల్లా సరిగ్గానే చెప్పింది. బడాయి బాబు బంకమట్టి అన్నాడు కానీ అది బరబరమని వాడి పరువు తీసింది.

ఆఖరున గోతి మట్టి పిల్ల. ఏమీ వినపడలేదు. మైకు ఆన్ చెయ్యమ్మా అన్నాను. ఆన్‌లోనే ఉంది మేడమ్, నలుపుతున్నాను అంది. గట్టిగా నలుపు అన్నాను. అయినా చప్పుడు లేదు. నెట్టుని, ఫోనుని, ఆ పిల్లని కలిపి తిట్టడానికి నోరు తెరిచాను.

"ఆగండి మేడమ్," అన్నారు హెడ్ గారు. "అమ్మాయి మాట శుభ్రంగా వినపడుతోంది. వినపడనిది మట్టే. అందులో ఇసుక రేణువే లేదు. అచ్చమైన బంకమట్టి."

"నేనూ అదే రాసుకున్నాను సార్," అంది ఆ పిల్ల మెల్లగా.

ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నాకు తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువైంది.

"ఎన్ని మార్కులు వెయ్యమంటారు సార్?" అని అడిగాను.

"పదికి పది వెయ్యండి," అన్నారాయన. అని, ఏం అన్నారో అప్పుడు తెలిసినట్టుంది, గట్టిగా నవ్వేశారు.