మొండి రస్కు

"మొండి రస్కు" పొట్లం మీద అచ్చు వేయడానికి కోడలు కంపెనీ చరిత్ర రాసుకొచ్చి చదివింది. "మామయ్యగారు ఎన్నో ప్రయోగాలు చేసి ఈ రస్కును కనిపెట్టారు..."

"ఎవరు కనిపెట్టారమ్మా? కొట్టేయ్," అన్నాడు ముసలాయన.

భార్య పోయిన ఈ నాలుగేళ్లలో ఆయన నోట మంచిమాట విన్నవారు లేరు. కోడలు ఆ వాక్యం కొట్టేసింది.

"మీ అత్తయ్య బ్రెడ్డు ముక్కలు ఓవెన్‌లో మరిచిపోయింది. తెల్లారేసరికి రాళ్లలా బిగుసుకున్నాయి. కొట్లో అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను."

"అత్తయ్య ఊరుకున్నారా?"

"ఊరుకునే మనిషేనా! ఒక ముక్క టీలో ముంచి నా నోట్లో కుక్కింది. 'మీ అంత మొండిది కాదు లెండి, ముంచితే ఇదైనా మెత్తబడుతుంది' అంది. కొనడానికొచ్చినవాళ్లంతా ఘొల్లున నవ్వారు. మర్నాడు అందరూ 'మొండి రస్కు' అనే అడిగారు."

"తిట్లు కూడా పొట్లం మీద వేయమంటారా?"

"వెయ్యి. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆవిడ మతిమరుపు చలవే."

కోడలు అలాగే రాసి ఇచ్చింది. ఆయన కలం అందుకుని అడుగున ఒక ముక్క చేర్చాడు: "రస్కు చాలా బాగుంది. ఆ మాట ఆ రోజే అనాల్సింది."