కుడి చెవిది నాది

మా ఆయన ఒక కొత్త పాటను మొదటిసారి నాతో కాకుండా మరో ఆడమనిషితో వింటారేమోనన్నదే నాకున్న అన్నిటికంటే పెద్ద భయం. పాపకు జ్వరం వస్తుందేమోనన్న భయం కూడా దాని తర్వాతే. తల్లినయ్యుండి అనకూడని మాట, అయినా నిజం.

ఆయనది పాటల కచేరీలకు సౌండ్ పెట్టే పని. వేసవి వస్తే పెద్ద పెద్ద మైదానాల్లో సంగీతోత్సవాలు మొదలవుతాయి. అందులో చిన్న వేదిక ఆయనది. దానిమీదికి ఎక్కేదంతా ఇంకా ఎవరికీ తెలియని కుర్రకారు. సొంత గదుల్లో పాడుకుని, మిషన్లతో మోతలు కలుపుకుని, వాళ్లే బయటికి వదిలే ఇండీ పాటలూ, ఎలక్ట్రానిక్ పాటలూ. సీజను మొదలవకముందే ఆయన అవన్నీ వినిపెట్టుకోవాలి.

పెళ్లయిన కొత్తలో ఆ వినడం మా ఇద్దరిదీ. వైరున్న ఇయర్‌ఫోన్లలో ఎడమది ఆయనకు, కుడిది నాకు. నా చెవి రంధ్రం చిన్నది, అందుకని కుడిదానికి మరీ చిన్న రబ్బరు తొడుగు పెట్టారు. "చీమ చెవి" అని ఏడిపించేవారు. ఒక్కోసారి గిటారంతా నా వైపే, దరువంతా ఆయన వైపే పడేది. ఎవరికేం వినబడిందో చెప్పుకుంటేనే పాట పూర్తయ్యేది.

పాప పుట్టాక నాకు ఏ చెవీ ఖాళీ లేదు. "ఒక్క పాటే, రావే" అని పిలిచేవారు. "పాలు పొంగుతున్నాయి" అనేదాన్ని. కొన్నాళ్లకు పిలవడం మానేశారు.

సరిగ్గా అప్పుడే ఆయన దగ్గర లైట్లు వేసే అమ్మాయి చేరింది. డిగ్రీ చదివిందట. సింథ్, బేస్ అంటూ ఫోన్లో గలగలా మాట్లాడుతుంది. నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని. పాట బాగుంటే "కడుపులో లిఫ్టు దిగినట్టుంది" అంటాను, అంతకు మించి నాకు మాటలు రావు. ఆయన ఫోన్లో నవ్వితే చాలు, ఉతికిన గౌనునే మళ్లీ ఉతికేదాన్ని.

మొన్న నానబెట్టబోతూ ఆయన చొక్కా జేబు తడిమితే ఇయర్‌ఫోన్లు దొరికాయి. కుడిదానికి పెద్ద తొడుగు ఉంది. నా చెవిలో పట్టేది కాదది.

ఆ మధ్యాహ్నమే కేబుల్ చుట్ట కోసం లైట్లమ్మాయి ఇంటికొచ్చింది. ముఖం కంటే ముందు దాని చెవులు చూశాను.

"కొత్త పాట విన్నావా అమ్మాయ్? ఇదిగో, కుడిది పెట్టుకో," అన్నాను, గొంతుకు తేనె రాసుకుని.

పెట్టుకుంది. జారిపడింది.

"అబ్బే, నాకు పెద్దదైంది వదినా. అయినా అన్న దీన్ని ముట్టుకోనిస్తేగా! అడిగితే 'అది మీ వదినది, నువ్వు వేరే కొనుక్కో' అంటాడు."

మంచినీళ్లిచ్చి పంపాను. దీని చెవి కాకపోతే మరెవరి చెవి?

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగేశాను.

"కుడిదానికి ఆ పెద్ద తొడుగు ఎవరి కోసం?"

"నాకే," అన్నారు తెల్లబోయి. "రెండు చెవులా నేనే వింటున్నాగా."

"ఇంకేం, పాట మొత్తం మీకే దక్కింది."

"దక్కింది. చెప్పుకోవడానికే ఏమీ మిగల్లేదు. ఈసారి ఏది బాగుందో, ఏది లేదో కూడా తెలీడం లేదే."

ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఇంకో గుబులు. "మరి నా చిన్న తొడుగేదీ? పాప మింగేసిందేమో!" అంటూ దాని నోట్లో వేలు పెట్టాను.

"దాని నోరు వదులు తల్లీ," అంటూ ఆయన తాళాలగుత్తి తీశారు. బీరువా తాళంచెవి కొసకు తొడిగి ఉంది, నాదే.

పాపను ఒళ్లో వేసుకుని, చెరో చెవిదీ పెట్టుకుని గడప మీదే కూర్చున్నాం. ఎవరో పిల్ల, వానలో తడిసినట్టున్న గొంతు.

"నాకు గొంతొక్కటే వస్తోంది," అన్నాను.

"నాకు దరువే. పద పదమంటోంది."

పాలు పొంగిన వాసన వచ్చింది. లేవలేదు.

ఇవాళ పొద్దున ఆయన ఉత్సవాలకు బయల్దేరారు. పాపకు ఆ ఎండా, ఆ మోతా పడవని నేను ఉండిపోయాను. మైదానం నిండా ఎందరి చెవులో!

మీరు ఈ వేసవిలో అటు వెళ్తే, చిన్న వేదికకు ఎదురుగా సౌండు బల్ల దగ్గర నీలం టోపీ మనిషి ఉంటారు. అన్నం తిన్నారో లేదో అడగండి. అలాగే, పని లేనప్పుడు ఆ కుడి చెవిది ఎక్కడుందో కాస్త చూడండి. జేబులో ఉంటే ఫర్వాలేదు. ఎక్కడున్నా సరే, నాకొక్క మాట చెప్పండి.