లింగవ్వ చెప్పిన గవాయి

నాకు కోపం ముక్కు మీదనే ఉంటదని మా అవ్వ మరియ చిన్నప్పటి సంది అంటనే ఉన్నది. అబద్ధం కాదు. ఆ కోపంతోనే లింగవ్వను నలుగుర్ల తిట్టిన. ఆ లింగవ్వనే నా పని నిలవెట్టింది. అందుకే ఈ ముచ్చట దాసుకోకుంట చెప్తున్న.

జర్మనోళ్ల లడాయి మొదలైన యేడు. ఎల్లారెడ్డిల మా వాడ పడుచుపోరగాండ్లకు పాటలు, వాక్యం, ఇన్ని అక్షరాలు నేర్పుమని మిషనోళ్లు నన్ను పంతులుగ పెట్టి రెండేండ్లయింది. ఏడుగురు వస్తుండిరి. చలికాలంల ఉత్తరం వచ్చింది. కామారెడ్డిల యువజన సభ, ఊరూరి పంతుళ్లు తమ పిల్లలను తోల్కరావాలె, ఒక్కరన్నా లేచి సాక్ష్యం చెప్పాలె. సాక్ష్యం లేని ఊర్లె పని ఎత్తేస్తమని అడుగున ఇంకో గీత. ఆ గీత సదివినంక నాకు బువ్వ సయించలే.

పిల్లలను కూసోవెట్టి, "కామారెడ్డికి పోతున్నం. అయ్యగారి ముంగట మీరు సాక్ష్యం చెప్పాలె" అన్న. గంతే.

తెల్లారి ఒక్కడు రాలే. ఒకడు తాడ్వాయిల మేనమామ ఇంటికి పోయిండట. ఇంకొకనికి కడుపునొప్పి. మిగిలినోళ్లు జొన్నచేన్ల జొర్రిండ్రు. పోచన్న ఒక్కడు ఇంట్ల దొరికిండు. వాడు గూడ వాళ్లవ్వ లింగవ్వ వెనుక దాక్కున్నడు. ఆమె గడపకు అడ్డం నిలవడ్డది.

"నా కొడుకును సాక్ష్యానికి తోల్కవోతవా పంతులూ? నీ నోట్ల మన్నువడ! ఎద్దు పంచాయితిల గవాయి చెప్పవోయి నా పెనిమిటి నాలుగొద్దులు ఠాణాల గూసున్నడు. మేమేం జూడలే, మాకేం ఎరుకలేదు!"

అప్పుడు గాని నా తలకెక్కలే. నేను చెప్పింది దేవుని సాక్ష్యం. వాళ్లు విన్నది ఠాణాల చెప్పే సాక్ష్యం, గవాయి. నవ్వవలసిన ముచ్చటే గని నాకు నవ్వెక్కడిది?

"గది గాదు లింగవ్వా! దేవుడు చేసిన మేలు నలుగుర్ల చెప్పుడు! రెండేండ్ల సంది చెప్పిందంత చెవిటోని ముంగట శంఖం ఊదినట్టాయె. మట్టిబుర్రలు!" అని ఒర్రిన. వాడకట్టంత విన్నది.

ఆమె కొంగు సదురుకున్నది. "గట్లయితే నేను గూడ వస్త. నా కొడుకును ఏమడుగుతరో నా కండ్లతోని జూస్త" అన్నది.

తొవ్వ పొడుగూత కొడుకు చెయ్యి వట్టుకొని నాకు దూరంగనే నడిసింది. తాడ్వాయి కాడ ఆగినప్పుడు మాత్రం మూటల కెల్లి జొన్నరొట్టె తీసి ముందుగాల నాకే పెట్టింది. సిగ్గువడుకుంట తిన్న.

సభ పందిరి నిండిపోయింది. దోమకొండోళ్లు పన్నెండు మంది ఒక్క గొంతుతోని పాడిండ్రు. వాళ్లల్ల ముగ్గురు సాక్ష్యం చెప్పిండ్రు. తర్వాత మా వంతు. ఒక పంతులు, ఒక పోరడు, ఒక అవ్వ. పోచన్న లేచిండు, నోరు తెరిచిండు, మాట రాలే. మల్ల కూసున్నడు. అయిపాయె అనుకున్న.

పాస్టరు అబ్రాహామయ్యగారు నా హాజరు పుస్తకం తిరగేస్తున్నరు. "సీమోనూ, మొన్నటి శ్రావణంల ఈ ఆదివారం ఖాళీగున్నదేంది? ప్రార్థన పెట్టలేదా?"

"పెట్టలేదయ్యా" అన్న. ఎందుకో చెప్పలే. చెప్పుకునేటి ముచ్చట కాదనుకున్న.

అప్పుడు లింగవ్వ లేచింది. "గా ఆదివారం సంగతి నాకెరుక. నేను గవాయి చెప్త." చెయ్యి పైకెత్తింది. "అబద్ధమాడితే నా కండ్లు పోను. గా దినం పటేలు మూట కామారెడ్డి దాక మోసే వెట్టి నా కొడుకు వంతు. వాడు చలిజరంతోని గడగడ వణుకుతున్నడు. పోకుంటే కొడుతరు, పోతే సస్తడు. ఈ పంతులు ప్రార్థనకు తొడుక్కున్న బట్టల మీదనే వచ్చి మూట నెత్తికెత్తుకున్నడు. వానల పోయిండు, రెండొద్దులకు వచ్చిండు. ప్రార్థన ఎగవెట్టింది నిజమే అయ్యా. నా కొడుకు బతికున్నది గూడ నిజమే. దేవుడు చేసిన మేలు చెప్పాల్నట గద, నాకెరుకైన మేలు గిదే. ఇగ ఈయనకు కోపం జర ఎక్కువ. గది గూడ రాస్కోండ్రి."

పందిట్ల నవ్విండ్రు. నాకు మాత్రం కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె సక్కగ బల్ల కాడికి పోయి బొటనవేలు చాపింది.

"వేలిముద్ర ఏడ వెయ్యాలె?"

అయ్యగారు అద్దాలు తీసి తుడుసుకున్నరు. సిరా బుడ్డి మూత తీసిండ్రు. పుస్తకంల ఖాళీగున్న ఆ ఆదివారం మీద వేలు పెట్టి చూపించి, "ఇక్కడ వెయ్యమ్మా" అన్నరు. ఆమె గట్టిగ ఒత్తింది. "సీమోనూ, ఎల్లారెడ్డిల పని ఆగదు" అన్నరు అయ్యగారు.

నలుగుర్ల తిట్టిన నోటితోనే నలుగుర్ల చెప్పాలె గద. "లింగవ్వా, తప్పయింది. మట్టిబుర్ర నాది. నీ మేలు నేను సచ్చేదాక మరువ" అన్న.

"ఊకో పంతులూ, గదేం మాట" అని వేలు కొంగుకు తుడుసుకున్నది. కొడుకు దిక్కు మర్లి, "లేవు బిడ్డా, భయంలేదు. ఈడ గవాయి చెప్తే ఇంటికి పోనిస్తరు" అన్నది.

పోచన్న లేచిండు. ఈసారి మాట వచ్చింది.